జైల్లో ఉన్నవాళ్ళతో డిగ్రీ చదివించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చాక్‌పీసు (ప్రశ్న)

నమస్తే అండి. మేం నలుగురైదుగురం డిగ్రీ కాలేజీ లెక్చరర్లం. హైదరాబాద్ వైపు ఒక సెంట్రల్ జైల్లో చదువుకునేవాళ్ళకు పాఠాలు చెప్పడానికి, ఫారాలు నింపిపెట్టడానికి జైలు శాఖను అనుమతి అడిగాం. పేర్లిచ్చినవాళ్ళు మూడు రకాలు: ఇంటర్ పాసై యావజ్జీవం పడ్డవాళ్ళు, పది పాసై ఇంటర్ మధ్యలో ఆపేసినవాళ్ళు, కేసు ఇంకా నడుస్తున్న రిమాండ్ కుర్రాళ్ళు. ఎక్కువమందిది తెలుగు మీడియమే.

ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ) మేలా, అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ మేలా? అడ్మిషన్ ఎక్కడ ఆగిపోతుంటుంది? రిమాండ్‌వాళ్ళను చేర్పించాక బెయిలొస్తే ఆ సీటు సంగతేంటి? ఇంకోటి, పుస్తకాలకు డబ్బిస్తానన్న దాత ఒకరు "జైల్లో చదువు చెప్తే ఫలితం ఉంటుందని రుజువేది?" అంటున్నారు. ఆయన ముందు పెట్టదగ్గ పరిశోధన ఏదైనా ఉంటే చెప్పండి. ఉపన్యాసం అక్కర్లేదు, పని జరిగే వివరాలు కావాలి.

ఓపెన్‌చదువు

ముందు మీడియం తేల్చుకోండి, సగం జవాబు అందులోనే ఉంది. ఇగ్నో డిగ్రీ పుస్తకాలు ఇంగ్లీషు, హిందీల్లో వస్తాయి. ఇంటర్ దాకా తెలుగులో చదివి, నాలుగైదేళ్ళు పుస్తకం ముట్టని మనిషికి ఇంగ్లీషులో రాజనీతిశాస్త్రం చేతికిస్తే మొదటి బ్లాకు దాటడు. అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ 1982లో మొదలైంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. తెలుగులో డిగ్రీ పుస్తకాలు దాని దగ్గర ఉన్నాయి. చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళతో దానికి పాత అనుబంధం కూడా. కాబట్టి తెలుగు మీడియంవాళ్ళకు అదే మొదటి తలుపు.

ఇగ్నో బలం వేరు. దేశమంతా ఒకటే యూనివర్సిటీ కాబట్టి ఖైదీని ఎక్కడికి పంపినా రిజిస్ట్రేషన్ చెల్లుతుంది. ఢిల్లీ తిహార్ జైల్లో 1994లోనే సెంటర్ పెట్టింది, జైళ్ళతో వ్యవహరించడం దానికి అలవాటే. జనవరి, జూలై రెండు సైకిళ్ళలోనూ చేరొచ్చు, జైల్లో ఉన్నవాళ్ళకు ఫీజు మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు దానంతటది పడదు. ఖైదీ నంబరు, ఏ తేదీ నుంచి జైల్లో ఉన్నాడు అన్నవి రాసి సూపరింటెండెంట్ సంతకం, సీలు వేసిన ధ్రువీకరణ పత్రం జతచేయాలి. ఆన్‌లైన్ ఫారంలో డబ్బు కట్టే పేజీ రాగానే కట్టేయకుండా ముందు రీజనల్ సెంటర్‌తో మాట్లాడండి. కట్టాక వెనక్కి రాబట్టుకోవడం పెద్ద తలనొప్పి.

అడ్మిషన్ ఆగేది మార్కుల దగ్గరో సీట్ల దగ్గరో కాదు, ఓటీపీ దగ్గర. 2024 నుంచి దూరవిద్యలో చేరే ప్రతి భారతీయ విద్యార్థికీ యూజీసీ వారి డెబ్ (దూరవిద్య బ్యూరో) ఐడీ తప్పనిసరి. దానికి ఏబీసీ ఐడీ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే అకడమిక్ బ్యాంకు ఖాతా నంబరు) కావాలి, ఏబీసీకి డిజిలాకర్, డిజిలాకర్‌కు ఆధార్‌తో లింకైన ఫోను. లోపలికెళ్ళిన మనిషి ఫోను కేసులో సీజై ఉంటుంది, లేదంటే రీచార్జి లేక నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది. ఒక్కోసారి ఆ నంబరు ఇంకెవరి చేతిలోనో మోగుతుంటుంది.

దీనికి దారి ఏంటంటే, అడ్మిషన్ తేదీలకు కనీసం రెండు నెలల ముందే జైల్లో ఆధార్ క్యాంపు పెట్టించమని సూపరింటెండెంట్‌ను రాతపూర్వకంగా అడగండి. నంబరు మార్చడానికి వేలిముద్ర పడాలి, అంటే మిషను లోపలికి రావాల్సిందే, ఇంట్లోవాళ్ళు మీసేవకు వెళ్ళి చేయించుకొచ్చే పని కాదు. అసలు ఆధారే లేనివాళ్ళకు, జైల్లో చేర్చుకున్నప్పుడు ఈ-ప్రిజన్స్ అనే జైళ్ళ కంప్యూటర్ రికార్డులో తయారయ్యే పత్రాన్ని అధికారి సంతకంతో ఆధారంగా తీసుకునే వీలుంది. కొత్తగా ఇచ్చే నంబరు తల్లిదో భార్యదో అయి ఉండాలి, చదువు అయ్యేదాకా ఆ నంబరు పనిచేస్తూ ఉండాలి. మీ బృందంలో ఎవరి నంబరూ ఇవ్వకండి. పదిమంది ఆధార్లకు ఒకే లెక్చరర్ ఫోను లింకైతే అదో కొత్త అనుమానం.

పేర్లు ఇంకో చిక్కు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, వారంట్‌లో అలియాస్‌తో మూడో పేరు. టెన్త్ మెమోను ప్రమాణంగా పెట్టుకుని ఆధార్‌నే దానికి సరిచేయించండి. ఒరిజినల్స్ ఫీజు బాకీ కింద ఏ జూనియర్ కాలేజీ బీరువాలోనో ఇరుక్కుని ఉంటాయి. కొన్నేళ్ళ మెమోలు డిజిలాకర్‌లోనే దొరుకుతాయి, బోర్డు ఆఫీసుకు పరిగెత్తేముందు అక్కడ చూడండి.

ఇంటర్ లేనివాళ్ళను డిగ్రీలోకి తోసే అడ్డదారుల జోలికి వెళ్ళొద్దు. తర్వాత ఉద్యోగం దగ్గర ఆ డిగ్రీని ప్రశ్నిస్తారు. తెలంగాణ ఓపెన్ స్కూల్‌లోనో ఎన్ఐఓఎస్‌ (జాతీయ ఓపెన్ స్కూల్) లోనో ఇంటర్ చేయించండి. ఎన్ఐఓఎస్‌లో రిజిస్ట్రేషన్ 5 ఏళ్ళు చెల్లుతుంది, 9 సార్లు రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. పరీక్ష రోజు కోర్టు వాయిదా పడేవాళ్ళకు ఈ సదుపాయం చాలా విలువైనది.

ఆంధ్రా జైళ్ళ కోసం ఇది చదివేవాళ్ళు ఉంటే: విభజన తర్వాత అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీ సేవల మీద రెండు రాష్ట్రాల మధ్య పంచాయితీ ఉంది. రాజమండ్రి, కడప, నెల్లూరు, విశాఖ జైళ్ళకు ఈ ఏడాది అడ్మిషన్ ఉందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి. లేదంటే ఆంధ్రా యూనివర్సిటీ, నాగార్జున యూనివర్సిటీల దూరవిద్య చూడండి. ఆ కోర్సుకు ఆ ఏడాదికి యూజీసీ డెబ్ అనుమతి ఉన్నట్టు జాబితాలో కనిపిస్తేనే చేర్పించండి.

వాయిదాతేదీ

రిమాండ్ సంగతి నేను చెప్తాను. "ఎప్పుడు పోతాడో తెలీదు, పేరెందుకు ఎక్కించడం" అనే మాట జైలు ఆఫీసుల్లో గట్టిగా వినిపిస్తుంది. యూనివర్సిటీకి కావాల్సింది అర్హత, పత్రాలు; శిక్ష పడిందా లేదా అన్నది దానికి అనవసరం. ఆ మాట పట్టుకుంటే మిగిలేది ఎంతమందో చూడండి. జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కల ప్రకారం 2022 చివరికి దేశం మొత్తం మీద జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ప్రతి నలుగురిలో ముగ్గురిని గేటు దగ్గరే వదిలేసి మిగతావాళ్ళ కోసం పథకం రాసుకున్నట్టవుతుంది.

అలాగని అందరినీ మూడేళ్ళ డిగ్రీలో వేసేయకండి. ఛార్జిషీటు పడిందా, ఏ సెక్షన్లు, గరిష్ఠ శిక్ష ఎంత అని చూడండి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 479 ప్రకారం గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపిన విచారణ ఖైదీకి బెయిలు దారి తెరుచుకుంటుంది, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడైతే మూడోవంతుకే. ఉరి, యావజ్జీవం పడగల నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు ఇది వర్తించదు. ఏడేళ్ళ సెక్షన్ మీద మొదటిసారి లోపలికొచ్చినవాడు రెండేళ్ళ పైచిలుకులో బయటికొచ్చే అవకాశం ఉంది. వాడికి ఓపెన్ స్కూల్ ఇంటర్‌గానీ ఆరు నెలల సర్టిఫికెట్‌గానీ సరిగ్గా సరిపోతుంది. ఇంటర్ అయిపోయి డిగ్రీయే కావాలంటే చేర్పించండి, అయితే మొదటి రోజే బయటికెళ్ళే ఏర్పాటు కూడా చేయండి.

ఆ ఏర్పాటు పెద్ద పనేం కాదు. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు, పోర్టల్ పాస్‌వర్డ్, రాసిన పేపర్ల మార్కులు, అసైన్‌మెంట్ ఇచ్చిన రసీదులు, స్టడీ సెంటర్ మార్పు దరఖాస్తు నింపి సంతకం చేసినది, ఊరి దగ్గరి సెంటర్ చిరునామా. దీని నకలు ఇంట్లోవాళ్ళకు ములాఖత్‌లో అందేలా చూడండి. బెయిలు ఆర్డరు సాయంత్రం వస్తే రాత్రికి మనిషి గేటు బయట ఉంటాడు, మీ లెక్చరర్ మర్నాడు పొద్దున వచ్చి చూస్తే ఎవరూ ఉండరు. లోపల రిజిస్టరైన పరీక్షా కేంద్రం జైలే కాబట్టి, కేంద్రం మార్పించుకోకపోతే బయట ఉన్నవాడికి హాల్‌టికెట్ జైలు పేరుతో వస్తుంది. చదువు ఆగిపోవడానికి మామూలు కారణం ఇదే, ఆసక్తి లేకపోవడం కాదు.

పరీక్ష రోజు వాయిదా పడటం ఇంకో గొడవ. టైంటేబుల్ రాగానే ఒక కాపీ సూపరింటెండెంట్‌కు, ఒకటి అతని వకీలుకు. వకీలు ముందే మెమో వేస్తే కోర్టు తేదీ జరపొచ్చు, లేదంటే వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరు చూపించొచ్చు. పరీక్షకు ముందురోజు చెప్తే ఎవరూ ఏం చేయలేరు. వకీలు లేనివాళ్ళకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ లాయర్ ఉంటారు, జైలుకే వస్తుంటారు, వాళ్ళతో పరిచయం పెట్టుకోండి.

బదిలీలు కూడా లెక్కలో ఉంచుకోండి. 2021లో వరంగల్ సెంట్రల్ జైలు స్థలాన్ని ఆస్పత్రికి ఇచ్చినప్పుడు అక్కడి ఖైదీలందర్నీ వేరే జైళ్ళకు పంచేశారు. అంత పెద్దది రోజూ జరగదుగానీ, రద్దీ అని, క్రమశిక్షణ అని ఒకరిద్దర్ని పంపడం మామూలే. వారంట్, మెడికల్ కాగితాలు మనిషితో వెళ్తాయి, చదువు కాగితాలు వెళ్ళవు. సూపరింటెండెంట్‌ను అడిగి హిస్టరీ టికెట్‌లోనే (ఖైదీ వివరాలు రాసే జైలు రికార్డు) 'ఫలానా కోర్సు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు' అని ఎర్ర ఇంకుతో రాయించండి. కొత్త జైలు వెల్ఫేర్ ఆఫీసరు కంట పడేది అదొక్కటే.

అంకెలరాయుడు

దాతగారి ప్రశ్న మంచిదే. అయితే ఆయనకు జవాబిచ్చేవాళ్ళు సాధారణంగా అమెరికా అంకె ఒకటి ఎత్తి చూపించి తప్పులో కాలేస్తారు.

ఆ అంకె 43 శాతం. అమెరికా పరిశోధన సంస్థ రాండ్ కార్పొరేషన్ 2013లో జైలు చదువుల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి విశ్లేషించింది. చదువులో పాల్గొన్నవాళ్ళు మళ్ళీ నేరంలో పడే 'ఆడ్స్' 43 శాతం తక్కువ అని తేల్చింది. ఆడ్స్ అంటే పడినవాళ్ళకూ పడనివాళ్ళకూ మధ్య నిష్పత్తి. మనవాళ్ళు దాన్ని 'నూటికి 43 మంది మారిపోతారు' అని రాసేస్తారు. అదే నివేదికలో అసలు తేడా కూడా ఉంది: 13 శాతం పాయింట్లు. అంటే నూరుమందిలో సుమారు 13 మంది తేడా. దాతకు ఈ పదమూడే చెప్పండి, అదీ చిన్న సంఖ్య కాదు. ఖర్చు లెక్క కూడా అందులోనే ఉంది: ఒక్కో ఖైదీ చదువుకు 1,400 నుంచి 1,744 డాలర్లు పెడితే, మూడేళ్ళలో తిరిగి జైల్లో పెట్టే ఖర్చు 8,700 నుంచి 9,700 డాలర్ల దాకా తగ్గింది. ఒక డాలరుకు నాలుగైదు డాలర్లు అని అందరూ చెప్పేది ఇక్కడి నుంచే.

బలహీనత ఏంటంటే, చదువుకు పేరిచ్చేవాడు మొదటి నుంచీ కొంచెం వేరే మనిషి. మారాలన్న పట్టుదలో, ఇంటివాళ్ళ అండో ఏదో ఉంటుంది. వాణ్ణి పేరివ్వనివాడితో పోల్చి, తేడా అంతా చదువు పుణ్యమే అంటే చెల్లదు. బ్రిటన్‌లో ప్రిజనర్స్ ఎడ్యుకేషన్ ట్రస్ట్ పని చూడండి. 1989 నుంచి ఖైదీల దూరవిద్యకు డబ్బు సాయం చేస్తున్న సంస్థ. వాళ్ళ విద్యార్థుల జాబితాను తిరిగి నేరాల లెక్కలు తీసే ప్రభుత్వ జస్టిస్ డేటా ల్యాబ్‌కు ఇచ్చారు. ల్యాబ్ వాళ్ళు అదే వయసు, అదే రకం నేరం, అదే పాత చరిత్ర ఉన్న ఇతర ఖైదీలతో జతకట్టి పోల్చారు. అప్పుడూ చదివినవాళ్ళలో తిరిగి నేరం తక్కువగానే తేలింది. మనసులోని పట్టుదలను ఏ పట్టికా కొలవలేదు, కాబట్టి ఇదీ పూర్తి రుజువు కాదు. అయినా ఉన్నవాటిలో నిజాయితీ గల పద్ధతి.

మన దేశానికి ఈ అంకెలు యథాతథంగా అతకవు. అక్కడ లెక్కించింది శిక్ష పూర్తిచేసి విడుదలైనవాళ్ళను. మన జైళ్ళలో ఎక్కువమందికి శిక్షే పడలేదు, వాళ్ళ విషయంలో 'తిరిగి నేరం' అనే మాటే తప్పు. మీరు మొదలుపెట్టే రోజు నుంచే సొంత రిజిస్టరు పెట్టుకోండి: ఎంతమంది పేరిచ్చారు, ఎంతమందికి డెబ్ ఐడీ వచ్చింది, ఎంతమంది చేరారు, మొదటి పరీక్షకు కూర్చున్నదెందరు, బదిలీ లేదా బెయిలు తర్వాత కూడా రాసిందెందరు. చివరి గడి ఖాళీగా వదలకండి, ఆ గడే మీ దాత అడిగిన రుజువు.

అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. 1994 నేర చట్టంతో ఖైదీలకు పెల్ గ్రాంట్ (పేద విద్యార్థులకు కాలేజీ ఫీజు కోసం కేంద్రం ఇచ్చే సాయం) ఆపేశారు, జైళ్ళలో కాలేజీలు వరసగా మూతపడ్డాయి. 2015లో ప్రయోగంగా కొన్ని కాలేజీలకు తిరిగి ఇచ్చి, 2020 డిసెంబరు చట్టంతో అందరికీ పునరుద్ధరించి, 2023 జూలై 1 నుంచి అమలు చేశారు. ఈసారి షరతులు పెట్టారు: ప్రభుత్వ లేదా లాభాపేక్ష లేని కాలేజీ అయి ఉండాలి, జైలు శాఖ సరేననాలి, గుర్తింపు సంస్థ, కేంద్ర విద్యాశాఖ కూడా ఆమోదించాలి. బదిలీ అయినా క్రెడిట్లు చెల్లుతాయా, విడుదలయ్యాక చదువు కొనసాగించే దారుందా అని చూడటం కూడా ఆ పరిశీలనలో భాగమే. వాయిదాతేదీ గారి ఫోల్డరు అక్కడ చట్టానికెక్కింది అనుకోండి.

పేజీలమూట

పుస్తకాల గురించి ఎవరూ ఎత్తలేదు. గట్టి అట్ట, ఇనుప స్పైరల్, పెన్‌డ్రైవ్, సీడీ గేటు తనిఖీలో ఆగిపోతాయి. పేపర్‌బ్యాక్‌లు, పక్కన దారంతో కుట్టించిన జిరాక్సులు వెళ్తాయి. స్టేపుల్ పిన్నులు కూడా వద్దు. ప్రతి మూటకూ రెండు కాపీల జాబితా: పుస్తకం పేరు, పేజీలు, ఎవరికి. ఒకటి గేటులో ఉంటుంది, రెండోదాని మీద సీలు వేయించుకోండి.

ఇగ్నో పాఠాలు దాని ఆన్‌లైన్ భాండాగారం ఈజ్ఞానకోశ్‌లో ఉచితంగా దొరుకుతాయి, పోస్టులో పుస్తకాలు వచ్చేదాకా ఆగక్కర్లేదు. అమెరికా జైళ్ళకు ఇంటర్నెట్ లేదని పరిశోధన పత్రికల డిజిటల్ లైబ్రరీ జేస్టోర్ వాళ్ళు 2007లోనే తమ సూచికను ఆఫ్‌లైన్‌లో చూసుకునేలా చేసి ఇచ్చారు. మీరూ అదే చేయొచ్చు: జైలు లైబ్రరీ కంప్యూటర్‌లో పీడీఎఫ్‌లు ఎక్కించడానికి సూపరింటెండెంట్ అనుమతి తీసుకుని, కాపీ చేసే పని జైలు సిబ్బంది చేతే చేయించండి.

సబ్జెక్టులు ఎంచేటప్పుడు ప్రాక్టికల్స్ ఉన్నవాటిని పక్కన పెట్టండి. బీఎస్సీకి ల్యాబ్ ఎక్కడ? బీసీఏకు కంప్యూటర్ గంటలు ఎవరిస్తారు? బీఏ, బీకాం నడుస్తాయి. బీకాంలో అకౌంట్స్‌కు గీతల పుస్తకాలు ఎక్కువ కావాలి, ముందే లెక్కేసుకోండి.

టైము లెక్క ఇంకా ముఖ్యం. ఇగ్నోలో ఒక క్రెడిట్ అంటే 30 గంటల చదువు. 132 క్రెడిట్ల డిగ్రీకి 3,960 గంటలు. మూడేళ్ళలో పూర్తిచేయాలంటే ఆదివారంతో సహా రోజుకు మూడున్నర గంటలు దాటుతుంది. కఠిన శిక్ష పడ్డవాడికి పగలంతా పని ఉంటుంది, సాయంత్రం ఆరింటికల్లా లాకప్, బ్యారక్‌లో టీవీ మోత. ఆరేళ్ళ గరిష్ఠ గడువు వాడుకుంటే రోజుకు రెండు గంటల లోపే చాలు. యావజ్జీవంవాళ్ళకు మొదటే ఆరేళ్ళ పట్టిక వేసివ్వండి, మూడేళ్ళని ఆశపెట్టి రెండో ఏడు వదిలేసేలా చేయకండి. పనిలో ఒక గంట సడలింపు, రాత్రి లైటు ఉండే మూల ఒకటి అడిగి పుచ్చుకోండి.

అసైన్‌మెంట్లకు 30 శాతం మార్కులు, చేత్తో రాయాలి. జూన్ పరీక్షకు మార్చి నెలాఖరు, డిసెంబరుకు సెప్టెంబరు నెలాఖరు అసలు గడువు. పొడిగిస్తారులే అని బయటివాళ్ళు కూర్చోవచ్చు, జైలు నుంచి కట్ట బయటికి రావడానికే రెండు వారాలు పడుతుంది. ఇచ్చేముందు ప్రతి పేజీ ఫొటో తీయండి, పోయిందంటే మళ్ళీ రాసే ఓపిక ఎవరికీ ఉండదు.

చాక్‌పీసు

అందరికీ ధన్యవాదాలు. ఆధార్ క్యాంపు కోసం ఉత్తరం రేపే పెడుతున్నాం. ఇంకో రెండు సందేహాలు. డిగ్రీ పాసైతే శిక్ష తగ్గుతుందని లోపల ప్రచారం ఉంది, నిజమేనా? బయటికొచ్చాక సర్టిఫికెట్ మీద జైలు పేరు ఉంటుందా అని కూడా అడుగుతున్నారు.

వాయిదాతేదీ

రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. మహారాష్ట్రలో చదువు పూర్తిచేసినవాళ్ళకు 90 రోజుల దాకా రెమిషన్ (శిక్షలో తగ్గింపు) ఇస్తున్నారు. మీ జైల్లో వర్తించే రూలు ఏదో సూపరింటెండెంట్ చేత రాయించుకోండి, నోటి మాట మీద ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా మీ యావజ్జీవంవాళ్ళకు: ఉరిశిక్ష కూడా పడగల నేరంలో యావజ్జీవం పడితే 14 ఏళ్ళు లోపల ఉండాల్సిందే, పాత సీఆర్‌పీసీ 433ఏ, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 475. రెమిషన్ ఎంత కూడినా ఆ గీత కిందికి రాదు. క్షమాభిక్ష జాబితా తయారయ్యేటప్పుడు సత్ప్రవర్తన చూస్తారు, అక్కడ డిగ్రీ మంచి కాగితమే.

డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ, జైలు కాదు. చిక్కు చిరునామాతోనే. ఫారంలో జైలు చిరునామా రాస్తే పోస్టు మొత్తం అక్కడికే వస్తుంది, మనిషి వెళ్ళిపోయాక కన్వొకేషన్ కవరు ఆఫీసు అలమరాలో పడుంటుంది. శాశ్వత చిరునామా ఇంటిదే రాయించండి, విడుదలకు ముందు ఉత్తరాల చిరునామా కూడా మార్పించండి.

ఉద్యోగం మాట వచ్చినప్పుడు ఒకటి స్పష్టంగా చెప్పండి. ప్రభుత్వ కొలువుల అటెస్టేషన్ ఫారంలో కేసులు, శిక్షల గడి ఉంటుంది. అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: అడిగినప్పుడు నిజం రాయాలి, దాచితే నియామకం రద్దుచేసే అధికారం యజమానికి ఉంది. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చితీరాలని లేదు, కానీ చిన్న కేసులను పట్టించుకోకుండా వదిలే వెసులుబాటు ఉంది. నిర్దోషిగా బయటపడ్డవాళ్ళు జడ్జిమెంట్ సర్టిఫైడ్ కాపీ తీసుకుని ఆ ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి. కాపీ దరఖాస్తు తీర్పు వచ్చిన వారంలోనే పెట్టించండి, రికార్డు రూముకు వెళ్ళాక బయటికి తీయడం ఆలస్యమవుతుంది.